కష్టంలో ఉన్న పిల్లల మనసు దెబ్బతినక ముందే చేయాల్సిన పనులు

ఇంట్లో పెద్ద కష్టం వచ్చినప్పుడు పిల్లల గురించి రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "చిన్నవాళ్లు, వాళ్లకేం తెలుసు, నాలుగు రోజుల్లో మరిచిపోతారు" అనేది ఒకటి. "పాపం, ఇక ఆ పిల్ల బతుకు ఇంతే" అనేది రెండోది. రెండూ తప్పే. రెండిటివల్లా జరిగేది కూడా ఒకటే, ఎవరూ ఏమీ చేయరు. మొదటి మాట అన్నవాళ్లకు చేయాల్సిన అవసరం కనిపించదు, రెండో మాట అన్నవాళ్లకు చేసినా లాభం కనిపించదు.

అమ్మో నాన్నో చనిపోవడం, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లో తాగుడు, కొట్లాటలు, వదలని జబ్బు, అప్పులు, వరదో యుద్ధమో వచ్చి ఉన్నచోటు వదిలి రావడం... ఇలాంటివాటిలో చిక్కుకున్న పిల్లలు మీ దగ్గర ఉంటే ఈ వ్యాసం మీకోసమే. మీరు కన్నవాళ్లే కానక్కర్లేదు. మేనత్త, తాతయ్య, టీచర్, పక్కింటివాళ్లు, ఎవరైనా సరే. లక్షణాలు కనబడ్డాక చూద్దామని ఆగకండి. మానసిక సమస్యల్లో దాదాపు మూడోవంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలావరకు అప్పట్లో ఎవరూ గుర్తించరు కూడా.

ముందు కష్టాన్ని విడదీసి కాగితం మీద రాయండి

చిన్నప్పటి చేదు అనుభవాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధాన్ని విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు 1998లో బయటపెట్టారు. శాన్ డియాగోలో వేలమందిని అడిగి చేసిన పని అది. అలాంటి అనుభవాలు నాలుగో అంతకన్నా ఎక్కువో ఉన్నవాళ్లలో కుంగుబాటు, తాగుడు, ఆత్మహత్యాయత్నం ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. అప్పటినుంచి అలాంటి అనుభవాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఆ "స్కోరు" చాలా ప్రచారంలోకి వచ్చింది. కానీ ఆ లెక్క జనసమూహాలకు పనికొస్తుంది తప్ప ఒక్కో పిల్లవాడి జాతకం చెప్పడానికి కాదని ఆండానే 2020లో హెచ్చరించారు. కాబట్టి మీ పిల్లకు ఎంత స్కోరు వచ్చిందో లెక్కపెట్టి బెంగపడకండి.

ఆ లెక్కకన్నా మనకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. బ్రిటిష్ సైకియాట్రిస్ట్ మైఖేల్ రటర్ 1970లలో గమనించి చెప్పిందేమిటంటే, ఒకే ఒక్క కష్టం ఉన్న పిల్లలకూ ఏ కష్టమూ లేని పిల్లలకూ మానసిక సమస్యల్లో పెద్ద తేడా లేదు. కష్టాలు రెండూ మూడూ నాలుగూ ఒకదాని మీద ఒకటి పడేసరికి మాత్రం ముప్పు చాలా రెట్లు పెరిగింది. అంటే వచ్చిన కష్టాన్ని తీసేయలేకపోయినా, దాని వెనకాలే వరసకట్టే మిగతావాటిని ఆపగలిగితే పిల్లలకు పెద్ద మేలు చేసినట్టే. ఈ వ్యాసం మొత్తానికి ఆధారం ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిదేళ్ల పాపకు నాన్న చనిపోయాడు. కాగితం తీసుకుని, దానివల్ల ఆ పాప రోజులో ఏమేం మారిపోయాయో రాయండి. అద్దె కట్టలేక ఇల్లు మారారు. బడి మారింది. పాత స్నేహితురాలు దూరమైంది. అమ్మ సాయంత్రం ఇంట్లో ఉండటం లేదు. పాప రాత్రుళ్లు వేరే వాళ్లింట్లో పడుకుంటోంది. ఎవరూ నాన్న పేరు ఎత్తడం లేదు. తమ్ముణ్ని చూసుకునే పని పాప మీద పడింది.

ఇప్పుడు ఒక్కోదాని పక్కన "ఇది మన చేతిలో ఉందా?" అని రాయండి. నాన్నను తిరిగి తేలేం. అద్దె కూడా ఇప్పటికి మన చేతిలో లేకపోవచ్చు. పాత స్నేహితురాలితో వారానికోసారి ఫోన్లో మాట్లాడించడం మన చేతిలోదే. రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నది ఒకచోట స్థిరం చేయవచ్చు. నాన్న పేరు ఇంట్లో మళ్లీ వినిపించేలా చేయవచ్చు. మొదట సులువుగా మారేదాన్ని ఒక్కదాన్ని పట్టుకోండి, అది కుదిరాక రెండోది చూడండి. అన్నీ ఒకేసారి సరిచేయబోతే మీరు వారంలోనే అలిసిపోతారు.

డబ్బు సంగతి కూడా ఆ కాగితంలోకి రావాలి. పేదరికానికీ పిల్లల మనసుకూ సంబంధమేమిటని చాలామంది అనుకుంటారు. అమెరికాలో నార్త్ కరోలినాలోని చెరోకీ తెగ కుటుంబాలకు 1990లలో క్యాసినో ఆదాయంలోంచి ఏటా కొంత డబ్బు రావడం మొదలైంది. అప్పటికే అక్కడి పిల్లల మీద జేన్ కాస్టెల్లో బృందం అధ్యయనం చేస్తోంది. పేదరికంలోంచి బయటపడ్డ కుటుంబాల పిల్లల్లో ప్రవర్తన సమస్యలు తగ్గాయి. ముఖ్య కారణం, తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే వీలు దొరకడం. ఆందోళన, కుంగుబాటు మాత్రం అంతగా మారలేదు, డబ్బొక్కటే అన్నీ సరిచేయదు. అయినా రావాల్సిన పెన్షనో స్కాలర్‌షిప్పో ఉంటే దానికి దరఖాస్తు పెట్టడం పిల్లల మనసు కోసం చేసే పనే. బంధువుల్లో సాయం చేస్తామన్నవాళ్లు ఉంటే మొహమాటపడకండి, ఏం కావాలో సూటిగా చెప్పండి.

ప్రమాదం ఇంకా నడుస్తుంటే ముందు దాన్ని ఆపాలి

ఇంట్లో కొట్టడం, లైంగిక వేధింపు లాంటివి ఇంకా జరుగుతుంటే కింద చెప్పే ఏ పనీ నిలబడదు. భయపడటానికి నిజమైన కారణం ఎదురుగా ఉండగా "భయపడకు" అని పిల్లలకు నేర్పలేం. వాళ్లను ఆ మనిషికి దూరంగా ఉంచడం మొదటి పని. మీ దేశంలో పిల్లల హెల్ప్‌లైన్, బాలల సంరక్షణ అధికారులు, పోలీసులు ఎలా అందుతారో ఈరోజే తెలుసుకుని పెట్టుకోండి. గొడవ మొదలైతే మధ్యలోకి వెళ్లకూడదని, ఏ ఇంటికి పరిగెత్తాలో, ఎవరికి ఫోన్ చేయాలో పిల్లలకు ముందే చెప్పి, నంబరు కంఠతా పట్టించండి.

పిల్లలు తమకు జరిగింది మీతో చెప్పుకుంటే ఆ క్షణం మీ మొహం ఎలా ఉంటుందన్నది చాలా ముఖ్యం. మీరు కంగారుపడితే వాళ్లు అక్కడే ఆపేస్తారు. మెల్లగా మూడు మాటలు చెప్పండి: "నాకు చెప్పి చాలా మంచి పని చేశావు. నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేం లేదు." "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి, ఎందుకంటే చెప్పక తప్పదు. నిన్ను కాపాడగలిగేవాళ్లకు చెబుతానని నిజమే చెప్పండి. జరిగిందాన్ని పదేపదే అడిగి చెప్పించకండి. ఆ పని అందులో శిక్షణ ఉన్నవాళ్లకు వదిలేయాలి.

ఒక్క పెద్దమనిషి నిలకడగా ఉండాలి

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ కొన్ని దశాబ్దాలపాటు గమనించారు. వాళ్లలో దాదాపు మూడోవంతు పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక జబ్బు లాంటివి ఒకేసారి మీద పడ్డవాళ్లు. అలాంటి పిల్లల్లో కూడా ముగ్గురిలో ఒకరు ఏ పెద్ద సమస్యా లేకుండా, తమ కాళ్లమీద తాము నిలబడే మనుషులుగా పెరిగారు. యుక్తవయసులో దారితప్పినవాళ్లలో కూడా చాలామంది ముప్పై, నలభై ఏళ్లు వచ్చేసరికి కుదురుకున్నారు. బాగుపడ్డ పిల్లలకు తమను మనస్ఫూర్తిగా పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒకరు ఉండటం ఆ అధ్యయనంలో మళ్లీ మళ్లీ కనబడింది. ఆ మనిషి చాలాసార్లు అమ్మా నాన్నా కాదు. అమ్మమ్మో, అక్కో, టీచరో.

ఆ మనిషి మీరే అవ్వండి. ఏదైనా కారణంతో మీవల్ల కాకపోతే ఎవరవుతారో ఈ వారమే తేల్చండి. పదిమంది అడపాదడపా జాలి చూపించడం కన్నా ఒకరు క్రమం తప్పకుండా రావడం పిల్లలకు ఎంతో నయం. రాలేని రోజున ముందే చెప్పాలి. చెప్పకుండా మాయమయ్యే పెద్దవాళ్లను ఈ పిల్లలు ఇప్పటికే చూసి ఉన్నారు.

ప్రేమగా ఉండండి అని ఎవరైనా చెబుతారు, అసలు చిక్కు అంతా ఎలా అన్నదానిలోనే. చిన్నపిల్లలతో ఇలా చేసి చూడండి. రోజూ ఒకే వేళకు పది పదిహేను నిమిషాలు పెట్టుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. నేలమీద వాళ్ల పక్కన కూర్చోండి. ఏం ఆడాలో వాళ్లే చెప్పాలి. ఆ పదిహేను నిమిషాలూ పాఠం చెప్పొద్దు, తప్పులు దిద్దొద్దు, "ఇదేం రంగు? అదెన్ని?" అని పరీక్ష పెట్టొద్దు. కంటికి కనబడేది మాత్రం పైకి అనండి: "ఓహో, ఎర్ర బండి పైకెక్కుతోంది. ఇప్పుడు నీలం బండి వెనకాల వస్తోంది." మొదట్లో ఇది మీకే వింతగా ఉంటుంది. కొన్నాళ్లకు ఆ పిల్లవాడు ఆట మధ్యలో, మీ వైపు చూడకుండానే "ఈ బండిలో నాన్న ఉన్నాడు" అంటాడు. అప్పుడు కూడా ప్రశ్నలు వేయకండి. "నాన్న ఈ బండిలో ఉన్నాడా" అని ఊరుకోండి. చెప్పాలనుకుంటే వాడే చెబుతాడు. టైమ్ అయ్యాక "ఈరోజుకు ఇంతే, రేపు మళ్లీ ఇదే వేళకు" అనండి. ఎంత అల్లరి చేసినా శిక్షగా ఈ టైమ్‌ను మాత్రం తీసేయొద్దు.

పెద్ద పిల్లలతో ఎదురెదురుగా కూర్చుని "నీతో మాట్లాడాలి" అంటే నోరు మూతపడుతుంది. పక్కపక్కన ఉన్నప్పుడు నోరు తెరుస్తారు. నడుస్తున్నప్పుడు, బండిమీద వెళ్తున్నప్పుడు, గిన్నెలు తోముతున్నప్పుడు. మౌనాన్ని వెంటనే మాటలతో నింపేయకండి.

ఇక నెలల పసివాళ్ల గురించి. మాటలు రాని పిల్లకు ఏం తెలుస్తుందని వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం. రుమేనియాలోని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది చిన్నపిల్లల్లో కొందరిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు ఇచ్చి ఏళ్ల తరబడి పరిశీలించారు. కుటుంబంలోకి వెళ్లినవాళ్లు చాలా విషయాల్లో మెరుగయ్యారు, అనుబంధం లాంటి కొన్ని విషయాల్లో రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఇంకా బాగా కోలుకున్నారు. పసిపాప ఊ కొడితే తిరిగి ఊ కొట్టడం, ఏడిస్తే ఎత్తుకోవడం, చూస్తే నవ్వడం... ఆ వయసుకు మందైనా మాటైనా అదే.

నిజం చెప్పండి, వయసుకు సరిపడా చెప్పండి

పిల్లల దగ్గర దాచడం వాళ్ల మంచికే అనుకుంటాం. దాచినా వాళ్లకు ఏదో జరిగిందని తెలిసిపోతుంది, అదేమిటో తెలియదు, అంతే. ఆ ఖాళీని ఊహతో నింపుకుంటారు. ఆ ఊహల్లో తప్పు చేసింది చాలాసార్లు వాళ్లే అయి ఉంటారు. "నేను అల్లరి చేశాను కాబట్టే నాన్న వెళ్లిపోయాడు." "నువ్వు చచ్చిపో అని ఒకరోజు కోపంలో అన్నాను, నిజంగానే చచ్చిపోయింది." ఇలాంటివి మనసులో పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా పెరిగే పిల్లలు తక్కువేం కాదు.

పైకి అడిగినా అడగకపోయినా పిల్లల మనసులో మూడు ప్రశ్నలుంటాయి. ఇది నావల్ల జరిగిందా? నాకు గానీ, మిగిలినవాళ్లకు గానీ ఇలాగే అవుతుందా? ఇక నన్నెవరు చూసుకుంటారు? ఏ కష్టం గురించి మాట్లాడినా ఈ మూడిటికీ జవాబు ఉండాలి.

తల్లి చనిపోయిన ఆరేళ్ల పాపకు తండ్రి ఇలా చెప్పవచ్చు:

"చిట్టీ, ఇలా రా, నా పక్కన కూర్చో. నీకొక బాధపెట్టే విషయం చెప్పాలి. అమ్మకు పెద్ద జబ్బు చేసింది కదా. డాక్టర్లు చాలా ప్రయత్నించారు, అయినా తగ్గలేదు. ఈరోజు పొద్దున అమ్మ చనిపోయింది."

ఇక్కడ ఆగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీరు ఏడ్చినా తప్పేం లేదు. తర్వాత: "చనిపోవడమంటే అమ్మ ఒళ్లు పని చేయడం ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోదు, నొప్పి ఉండదు, ఆకలి వేయదు. మళ్లీ తిరిగి రాదు."

"రేపొస్తుందా?"

"రాదమ్మా. రేపు కూడా రాదు. నువ్వు అన్నదానివల్లో, చేసినదానివల్లో ఇది జరగలేదు. నాకు ఆ జబ్బు లేదు. నేను నీతోనే ఉంటాను. రేపు నీకు జడ నేనే వేస్తాను, బడికి అత్త తీసుకెళ్తుంది."

"నేను ఆడుకోవడానికి వెళ్లనా?"

వెళ్లనివ్వండి. బాధలేక అడిగిన మాట కాదది. పిల్లలు దుఃఖంలోకి దిగుతారు, కాసేపు బయటికొస్తారు, మళ్లీ దిగుతారు. అదే ప్రశ్న రేపు, వచ్చేవారం, వచ్చేనెల మళ్లీ అడుగుతారు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పండి. "నిద్రపోయింది", "ఊరెళ్లింది" అని చెబితే కొందరు పడుకోవడానికే భయపడతారు, కొందరు తలుపు దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటారు.

విడాకులైతే "మేమిద్దరం కలిసి ఉండటం ఆగిపోతోంది, నీకు అమ్మగా నాన్నగా ఉండటం ఆగదు" అని వీలైతే ఇద్దరూ కలిసి చెప్పండి. పిల్లల్ని ఎక్కువగా దెబ్బతీసేది విడిపోవడం కన్నా, వాళ్లను మధ్యలో పెట్టుకుని సాగే గొడవ. "మీ నాన్నతో చెప్పు" అని పిల్లల చేత కబురు పంపడం ఈరోజే మానేయండి. తల్లిదండ్రుల్లో ఒకరికి మానసిక జబ్బు ఉంటే దానికి పేరుపెట్టి చెప్పండి: "అమ్మకు డిప్రెషన్ అనే జబ్బు ఉంది. అందుకే పడుకునే ఉంటోంది. నీమీద కోపం కాదు. డాక్టర్ చూస్తున్నారు. అమ్మను బాగుచేసే పని నీది కాదు." ఆ చివరి మాట తప్పకుండా చెప్పాలి.

అలాగని నోరు విప్పమని బలవంతం చేయకండి. వరదో ప్రమాదమో జరిగిన వెంటనే పిల్లలను కూర్చోబెట్టి జరిగిందంతా వివరంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ఉండేది. అది మేలు చేయదని తేలి ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. 2011లో ఆ సంస్థ ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతిలో మూడే మాటలు: చూడండి, వినండి, కావాల్సిన సాయంతో కలపండి. అడగకపోయినా మీరున్నారని వాళ్లకు తెలిస్తే చాలు.

టీవీ, ఫోన్ కట్టేయడం కూడా ఇందులోకే వస్తుంది. 1995లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో బాంబు పేలిన తర్వాత, ఆ దృశ్యాలను టీవీలో ఎక్కువగా చూసిన పిల్లల్లో భయం లక్షణాలు కూడా ఎక్కువగా కనబడ్డాయి. చిన్నపిల్లలకు అదే దృశ్యం పదిసార్లు చూపిస్తే పదిసార్లు జరిగినట్టే తోస్తుంది.

రోజుకు ఒక వరస, ఇంటికి నియమాలు

నిద్ర, తిండి, బడి, ఆట. ఈ నాలుగూ రోజూ ఇంచుమించు ఒకే వేళకు జరిగేలా చూడండి. 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చీకటంటే భయపడుతుంటే కొన్నాళ్లు పక్కన పడుకోండి, చిన్న లైటు ఉంచండి. ఇల్లు వదిలి శిబిరంలో ఉన్నా, పడుకునే ముందు ఒక కథ చెప్పడమన్నది ఎక్కడైనా కుదురుతుంది.

కష్టంలో ఉన్నారు కదా అని నియమాలన్నీ ఎత్తేయడం మంచి మనసుతో చేసేదే, కానీ బెడిసికొడుతుంది. ఏం చేసినా ఎవరూ ఏమీ అనకపోతే, ఇక్కడ అన్నిటినీ చూసుకునేవాళ్లు ఎవరూ లేరని పిల్లలు భయపడతారు. ఆప్యాయత, నిలకడైన క్రమశిక్షణ రెండూ కలిసే పనిచేస్తాయి. అమెరికాలో ఇర్విన్ శాండ్లర్ బృందం తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లల కుటుంబాలకు ఈ రెండిటినీ నేర్పితే, ఆరేళ్ల తర్వాత కూడా ఆ పిల్లల్లో మేలు కనబడింది. తిట్టడం, కొట్టడం అక్కర్లేదు. నియమాలు నాలుగైదే ఉండాలి, కానీ అవి ఆదివారమూ సోమవారమూ ఒకేలా ఉండాలి. బాగా చేసినదాన్ని అప్పటికప్పుడు పేరుపెట్టి మెచ్చుకోండి. "మంచి పిల్లవి" అనడం కన్నా "తమ్ముడు ఏడుస్తుంటే బొమ్మ ఇచ్చావు చూడు, అది నాకు బాగా నచ్చింది" అనడం పనిచేస్తుంది.

పని ఇవ్వండి, ఇల్లు మోయించకండి

కవాయి పిల్లల్లో నిలదొక్కుకున్నవాళ్లకు చాలామందికి ఇంట్లో ఏదో ఒక బాధ్యత ఉండేది. నావల్ల ఒకరికి ఉపయోగం ఉంది అనిపించడం పిల్లలకు బలం. మొక్కలకు నీళ్లు పోయడం, తాతయ్యకు పేపరు చదివి వినిపించడం లాంటివి ఇవ్వండి.

హద్దు ఎక్కడంటే, ఆ పనివల్ల బడి, ఆట, నిద్ర పోకూడదు. పెద్దవాళ్ల దిగులు మోసే పని అసలే ఇవ్వకూడదు. అప్పుల లెక్కలు, మొగుడి మీద కోపం, అర్ధరాత్రి ఏడుపు పదేళ్ల పిల్లతో పంచుకుంటే ఆ పిల్ల ఓదారుస్తుంది, మీకు తేలికవుతుంది, భారం తన మీద పడుతుంది. "ఇక ఈ ఇంటికి మగదిక్కు నువ్వే" అని తండ్రి పోయిన పిల్లవాడితో ఎవరైనా అంటుంటే అక్కడికక్కడే ఆపండి. తర్వాత ఆ పిల్లవాణ్ని పక్కకు పిలిచి "నువ్వు పిల్లాడివే. ఇల్లు చూసుకోవడానికి మేం ఉన్నాం" అని చెప్పండి.

మీరు బాగుండాలి

చాలామంది ఈ పని చివరికి నెట్టేస్తారు. "నా సంగతి తర్వాత, పిల్లలు ముఖ్యం" అంటారు. డిప్రెషన్‌కు వైద్యం తీసుకుంటున్న తల్లుల పిల్లలను మైర్నా వైస్‌మన్ బృందం పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మూడు నెలల్లో తల్లికి జబ్బు తగ్గిన ఇళ్లలో పిల్లల సమస్యలు కూడా తగ్గాయి. తల్లికి తగ్గని ఇళ్లలో పెరిగాయి. ఆ అధ్యయనంలో వైద్యం చేసింది తల్లులకే. అందుచేత రెండు వారాలకు మించి నిద్రపట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా, తాగక తప్పదనిపిస్తున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది పిల్లల కోసం చేసే పనుల్లో మొదటి వరసలోది.

ఓపిక నశించి అరిచేసిన రోజులు ఉంటాయి. తర్వాత వెళ్లి "ఇందాక అరిచాను. అది నీ తప్పు కాదు, నేను అలిసిపోయి ఉన్నాను. క్షమించు" అనండి. గొడవపడ్డాక మళ్లీ కలవచ్చని పిల్లలు నేర్చుకునేది ఇలాంటప్పుడే.

బడికి చెప్పండి

క్లాస్ టీచర్‌కు నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగింది, పిల్లకు ఎంతవరకు తెలుసు, క్లాసులో ఏడుపు వస్తే ఎక్కడికి వెళ్లవచ్చు, ఎవరికి ఫోన్ చేయాలి. మిగతా పిల్లలకు ఏం చెప్పాలో మీ పిల్లనే అడిగి నిర్ణయించండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా అని మధ్యమధ్య కనుక్కోండి. కష్టంలో ఉన్న పిల్లలే ఆకతాయిలకు సులువుగా దొరుకుతారు. బడి మానిపించకండి, తప్పనిసరైతే వీలైనంత త్వరగా తిరిగి పంపండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

మొదటి కొన్ని వారాలు మార్పులు రావడం మామూలే. అయిదేళ్లలోపు పిల్లలు మళ్లీ పక్క తడుపుతారు, కొంగు వదలరు, జరిగిందాన్నే ఆటలో పదేపదే ఆడతారు. బడి వయసు పిల్లలకు కడుపునొప్పి, తలనొప్పి వస్తాయి, చిన్నదానికే కోపం వస్తుంది. నొప్పి నటన అనుకోకండి, నిజంగానే నొప్పిపుడుతుంది. యుక్తవయసువాళ్లు గదిలోనే ఉండిపోతారు, లేదా ఇంటికే రారు.

ఇవి ఒక నెల దాటినా తగ్గకపోతే, లేదా బడి, నిద్ర, స్నేహాలు పాడవుతుంటే సైకాలజిస్ట్‌కో సైకియాట్రిస్ట్‌కో చూపించండి. నోరుమూసుకుని బుద్ధిగా ఉండే పిల్లను కూడా గమనించండి. అల్లరి చేసేవాళ్లను అందరూ చూస్తారు, ఆ పిల్ల ఎవరికీ కనబడదు. భయానక అనుభవాల తర్వాత మిగిలే సమస్యలకు పిల్లల కోసమే తయారైన సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) పద్ధతి ఉంది. సాధారణంగా 12 నుంచి 16 సార్లు కలుస్తారు, పెంచేవాళ్లను కూడా కూర్చోబెడతారు. అలాంటిది తెలిసినవాళ్లెవరని అడిగి వెళ్లండి.

చచ్చిపోవాలని ఉందన్నా, చెయ్యి కోసుకున్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా నెల ఆగకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. చాలామందికి ఎవరో అడిగారన్న ఊరట కలుగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో మాత్రలు, పురుగుమందు, పదునైన వస్తువులు తాళంవేసి పెట్టండి, ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఏళ్లు గడిచాక

ఆరేళ్లప్పుడు చెప్పింది పదేళ్లకు సరిపోదు. చావు అంటే ఏమిటో, జైలంటే ఏమిటో, ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో పెద్దవుతున్నకొద్దీ కొత్తగా అర్థమవుతుంది, కొత్త ప్రశ్నలు వస్తాయి. ఎప్పుడో తీరిపోయిందనుకున్న దుఃఖం పరీక్షల ముందో, పై క్లాసుకు వెళ్లినప్పుడో, అందరి నాన్నలూ వచ్చిన బడి వార్షికోత్సవం నాడో తిరిగి రావచ్చు. అలాంటి తేదీలను ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. వారం ముందు "ఆ రోజు వస్తోంది, ఏం చేద్దాం?" అని అడగండి. కొందరు ఫొటోలు చూద్దామంటారు, కొందరు సినిమాకు వెళ్దామంటారు. ఏదైనా సరే. ఏటా బడి తెరిచినప్పుడు కొత్త క్లాస్ టీచర్‌ను కలిసి ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చెప్పండి. పాత టీచర్‌కు తెలిసింది కొత్త టీచర్‌కు చేరుతుందన్న నమ్మకం లేదు.